తొలకరి, జనగామ

1978 ఏప్రిల్ 21, శుక్రవారం. ఉదయం పదకొండు గంటలు. మహబూబాబాద్.

ఏజెంట్ జనార్దన్ చేతిలోని కవరు మీద "అతి రహస్యం, అత్యవసరం" అని ఎర్రసిరా ముద్ర ఉంది. ఆ అత్యవసరం ఢిల్లీలో బయల్దేరి, జనగామలో తాళం వేసిన షాపు దగ్గర దిక్కులు చూసి, పోస్టుమాన్ దయతలచి అడ్రస్ దిద్దితే, ఇరవై రోజులకు ఇక్కడికి చేరింది.

"మీ ఆఫీసు మహబూబాబాద్‌కు మారినందున 'తొలకరి, జనగామ' అను టెలిగ్రాఫిక్ అడ్రస్ అనవసరమని భావించి మార్చి 31తో రద్దు చేయడమైనది. ఇకపై మీ అడ్రస్ 'మేఘం, మహబూబాబాద్'. సంబంధితులందరూ గమనించగలరు."

జనార్దన్ కవరు తిప్పి మీది అడ్రస్ మళ్ళీ చూశాడు. అడ్రస్ మార్చామన్న సంగతిని పాత అడ్రస్‌కే పంపిన మహానుభావుడు ఎవడో గానీ, వాడి మొహం చూడకుండా ఉంటే చాలనిపించింది.

వ్యాపారులు ఊరి తంతి ఆఫీసులో ఒక్క మాట రిజిస్టర్ చేయించుకునేవారు. టెలిగ్రాం మీద ఆ మాట, ఊరి పేరు ఉంటే చాలు, నేరుగా షాపుకు వచ్చేది. షాపు వీధి మారినా ఆ మాట వెంట వచ్చేది. ఊరు మారితే మాత్రం రాదు, ఆ ఊరి రిజిస్టర్‌లోనే ఉండిపోతుంది. జనార్దన్ జనగామలో తొమ్మిదేళ్ళు పత్తి విత్తనాల వ్యాపారిగా బతికాడు. అక్కడికొచ్చే తంతులను మళ్ళించే ఏర్పాటు చూస్తామని మాటిచ్చి, శాఖ అతన్ని నెల కిందట ఇక్కడికి మార్చింది. అడవుల్లో, క్యాంపుల్లో ఉన్న అతని మనుషులు కంఠస్థం చేసింది ఆ ఒక్క మాటే. కాగితం మీద రాసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

వాళ్ళలో సునంద ఒకరు.

భూపాలపల్లి అడవిలో ఖనిజాల సర్వే పేరుతో క్యాంపు వేసిన విదేశీ ముఠా నాయకుడు విక్టర్. సునంద అతని సెక్రటరీ. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, గలగలా ఇంగ్లీషు. భారత గూఢచారి శాఖ రహస్యాలు తనకు మోస్తోందని విక్టర్ నమ్మకం. రెండేళ్ళుగా ఆమె మోస్తున్నది విక్టర్ రహస్యాలను. ప్రతి శుక్రవారం ములుగు ఘనపూర్ అంగడికి వచ్చి, కబురుంటే అక్కడి నుంచి తంతి కొట్టేది.

ఇవాళ శుక్రవారం.

జనార్దన్ చీఫ్‌కు ట్రంక్‌కాల్ చేశాడు.

"మేఘమేనా?" అన్నాడు చీఫ్.

"మేఘం సంగతి తర్వాత సార్. తొలకరిని ఎవరు రద్దు చేశారు?"

"అడ్మినిస్ట్రేషన్."

"సునందకు చెప్పారా?"

"ఎలా చెప్తాం? ఆమె మనకు రాయగలదు, మనం ఆమెకు రాయలేం కదా."

"అది తెలిసే రద్దు చేశారా?"

"సర్క్యులర్‌లో 'సంబంధితులందరూ గమనించగలరు' అని రాశారుగా, జనార్దన్."

జనార్దన్ ఫోన్ పెట్టేసి జనగామ తంతి ఆఫీసును అడిగాడు. కౌంటర్ క్లర్క్ లక్ష్మీనారాయణ పలికాడు.

"తొలకరా? గా పేరు ఇప్పుడు ప్రకాశం సారుది. కొత్త ఆయిల్ మిల్లు. మూడో తారీఖే ఫారం ఇచ్చిండు."

 ప్రకాశం విక్టర్ మనిషి. తమలో ఎవరో ఆ మాటకు తంతులు పంపుతున్నారని ముఠా ఎలాగో పసిగట్టిందన్నమాట. ఎవరో తెలియలేదు. ఇప్పుడు తెలుసుకోవడానికి పెద్ద కష్టం లేదు, మిల్లులో కూర్చుని ఎదురుచూస్తే చాలు. టెలిగ్రాం మీద అది బయల్దేరిన ఊరి పేరు ఉంటుంది. ముఠాలో ఘనపూర్ వెళ్ళేది సునంద ఒక్కతే.

"ఇయ్యాల దానికొచ్చే టెలిగ్రాం జర ఆపుతరా?"

"ఫోన్ల ఎవరో చెప్తె ఎట్ల ఆపుత? రాసి తీస్కరాండ్రి."

అతని మీద కోపం రాలేదు. దేశ రహస్యాలు ఢిల్లీలో కాక ఆ కౌంటర్ వెనక ఉంటే బాగుండేదనిపించింది. చీఫ్‌కు మళ్ళీ చెప్పి, మూడు గంటలకల్లా ఆయిల్ మిల్లుకు పోలీసులను పంపమని జీపెక్కాడు.

జనగామలో అతని ముఖం తెలియనివాళ్ళు లేరు. విత్తనాల సేటే గూఢచారి అని ముఠాకు తెలిస్తే తొమ్మిదేళ్ళ పని మట్టిపాలు. అందుకే దారిలోనే తంతి ఇన్‌స్పెక్టర్‌గా మారాడు. బట్టతల విగ్గు, దట్టమైన మీసం, లావు కళ్ళద్దాలు, నల్ల గొడుగు. ఆ గొడుగులో ట్రాన్స్‌మిటర్ ఉంది. రెండు మైళ్ళు పలుకుతుందని శాఖవారు సర్టిఫికెట్ ఇచ్చారు. రెండు గదుల అవతలికి పలకగా జనార్దన్ వినలేదు.

రెండు గంటల నలభై నిమిషాలు. తంతి ఆఫీసు.

"తొలకరికా? రెండింటికే పంపినం. ఎల్లస్వామి తీస్కపోయిండు," అన్నాడు లక్ష్మీనారాయణ.

తంతులు పంచే ఎల్లస్వామికి యాభై దాటాయి. సైకిల్ మీద పది నిమిషాల దారి. జనార్దన్ జీపును మిల్లు వైపు పరుగు తీయించాడు. ఇంత దూరం వచ్చి, ఒక ఆడమనిషి ప్రాణం తన చేతుల్లోంచే జారిపోతోందని ఏడుపొచ్చింది.

మిల్లు ఆఫీసు గది తలుపు తెరిచే ఉంది. లోపల ప్రకాశం, చెవి దగ్గర ఫోన్. బల్లకు ఇవతల ఎల్లస్వామి, చేతిలో కవరు.

"ఒక్క క్షణం, బాస్," అంటున్నాడు ప్రకాశం ఫోన్‌లో. "అనుమానమున్న ముగ్గురూ మీ ఎదుటే ఉన్నారుగా? ఊరి పేరు చదివి చెప్తాను. ఏయ్, ఇవ్వవయ్యా!"

"ఇయ్య సారూ," అన్నాడు ఎల్లస్వామి. "పాత షాపు కాడికి పోయిన, తాళమున్నది. ఈడికొచ్చిన. మీరు గాదు."

"తొలకరి నాది. ఇదిగో రిజిస్ట్రేషన్ కాగితం!"

"కాయితం మంచిగనే ఉన్నది. తొమ్మిదేండ్ల సంది తొలకరి తంతి నేనిచ్చే మనిషి వేరే. ఎవలన్న చచ్చిపొయిన కబురున్నదో ఏమో, గది మీ చేతుల బెడ్తె ఆయనకెవలు చెప్తరు?"

"కౌంటర్‌లో అడుగు!"

"అడిగిన. పొయ్యి ఇయ్యమన్నడు. ఆయనకేం, ఆయన కూసోని రాస్తడు. ఇంటింటికి తిరిగేది నేను."

జనార్దన్ లోపలికి అడుగు పెట్టాడు. "నేను తంతి ఇన్‌స్పెక్టర్‌ని. ఆ కవరు ఇలా ఇవ్వు."

ఎల్లస్వామి అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మీకు గూడ ఇయ్య సారూ. మీరూ గాదు."

ప్రకాశం లేచి కవరు అంచు పట్టుకున్నాడు. ఎల్లస్వామి రెండో అంచు వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే జారుతున్నాయి. ఇంకొక్క గుంజుకు కవరు ప్రకాశానిదే.

జనార్దన్ మీసం పీకేశాడు. విగ్గు, కళ్ళద్దాలు నేలకు కొట్టాడు.

"ఎల్లస్వామన్నా! నేనే!"

"జనార్దన్ సేటూ!" ముసలి ముఖం విప్పారింది. "యాడికి పోయినవే? మీసమెందుకు పెట్టినవ్?" కవరు ఒక్క గుంజుతో లాక్కుని అతని చేతిలో పెట్టాడు. పెన్సిల్ తీశాడు. "సంతకం జెయ్యి."

ప్రకాశం పిస్టల్ తీశాడు. జనార్దన్ గొడుగుతో ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ నూనె డబ్బాల సందులో పడింది. రెండో దెబ్బకు ప్రకాశం బల్ల కింద పడ్డాడు. ఆ గొడుగు పని చేయడం అదే మొదటిసారి.

ఫోన్ వైరుకు వేలాడుతోంది. అందులోంచి విక్టర్ కేకలు. జనార్దన్ అందుకుని, ప్రకాశంలా గొంతు మార్చాడు.

"ఏ ఊరు, ప్రకాశం? వీళ్ళలో ఎవరు?"

"మన వాళ్ళెవరూ కాదు, బాస్. బచ్చన్నపేట రైతు. పాత సేటుకు పత్తి గింజల ఆర్డరు."

అవతల ఎవరిదో గాజుల చప్పుడు సన్నగా వినిపించింది. "త్రీ మినిట్స్ ఓవర్," అంది ఆపరేటర్. లైన్ కట్టయింది.

జనార్దన్ కవరు చించాడు. "అత్తకు చిల్పూర్‌లో ఐదింటికి ఆపరేషన్." వాళ్ళ సంకేతంలో అత్త అంటే సైన్యం రైలు, ఆపరేషన్ అంటే పేలుడు. చిల్పూర్ దగ్గర రైలు కల్వర్టు కింద మందుపాతర. ఐదింటికి దాని మీదుగా సైన్యం ఫిరంగి గుండ్ల గూడ్సు. రైల్వేకు ఫోన్ చేశాడు. మూడింటికి రావలసిన పోలీసులు నాలుగింటికి వచ్చారు. గూడ్సు కల్వర్టుకు రెండు వందల గజాల ముందు ఆగినప్పుడు టైము నాలుగు యాభై ఎనిమిది. చీకటి పడకముందే భూపాలపల్లి క్యాంపు చుట్టుముట్టారు. విక్టర్ దొరికాడు.

మర్నాడు సునంద చీఫ్ ఎదుట నల్లకళ్ళద్దాలు తీసి బల్ల మీద విసిరింది. "ఆ మూడు నిమిషాలూ నా మెడ మీద కత్తి ఉంది. ఆ మాట ఇంకొకడిదైందని నాతో ఎవరు చెప్పాలి? థూ!" అంది. 

జనార్దన్‌కు మెమో వచ్చింది. ప్రభుత్వానికి చెందిన కృత్రిమ మీసం ఒకటి, విగ్గు ఒకటి ధ్వంసం చేసినందుకు, సామాన్య ప్రజల ఎదుట మారువేషం విడిచినందుకు వారంలోగా సంజాయిషీ. రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద పెట్టాడు.

"సరే, మనవాళ్ళకు ఇక మారని అడ్రస్ ఒకటి కావాలి," అన్నాడు చీఫ్ ట్రంక్‌కాల్‌లో. "నువ్వే చెప్పు."

"కేరాఫ్ ఎల్లస్వామి, జనగామ. నేను ఏ ఊళ్ళో ఉన్నా నాకు చేరుతుంది."

"అతన్ని ట్రాన్స్‌ఫర్ చేస్తే?"

"ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు ప్రమోషన్ ఇవ్వాలనే ఎవరికీ గుర్తులేదు సార్. ట్రాన్స్‌ఫర్ ఎవరికి గుర్తొస్తుంది?"