పదమూడో మనిషి

నన్ను జలపాతం దగ్గర వదిలేసి వెళ్ళిపోయిన అమ్మాయికి నేను ఇప్పటికీ రోజుకొకసారైనా మనసులో థాంక్స్ చెప్పుకుంటాను. ఆ రోజు ఆమె నన్ను జాగ్రత్తగా వెనక్కి తీసుకొచ్చి ఉంటే నా బతుకు లిఫ్టు గుంతల్లోనే గడిచిపోయేది.

నేను లిఫ్టు మెకానిక్‌ని. ఆరేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఏ బిల్డింగ్‌లో ఏ లిఫ్టు ఏ అంతస్తు దగ్గర మూలుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆదివారాలు కూడా ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటూనే ఉంటారు కాబట్టి నాకు సెలవంటూ ఉండేది కాదు.

"పైకీ కిందకీ తప్ప పక్కకి కదిలి ఎన్నేళ్ళయిందిరా నువ్వు?" అంది మా అక్క నా పుట్టినరోజు నాడు. చేతిలో ఒక కాగితం పెట్టింది. ఒక్కరోజు టూర్. పన్నెండు మంది, ఒక గైడు, ఒక జలపాతం.

"అది కూడా పైనుంచి కిందకి పడేదే కదక్కా!"

"నోరు మూసుకుని వెళ్ళు. ఫొటోలు తీసుకురా."

అలా ఆ ఆదివారం పొద్దున ఆరింటికి, ఆవలిస్తూ, ఒక తెల్ల వ్యాన్ ముందు నిలబడ్డాను. తలుపు దగ్గర ఒకమ్మాయి. జడ బిగించి కట్టుకుంది, మెడలో విజిల్, చేతిలో అట్ట, అట్ట మీద లిస్టు. నిద్రమొహం అన్నది పుట్టిన్నాటి నుంచీ ఎరగనట్టుంది.

"తొమ్మిదో నంబరు మీరేనా సార్? రెండు నిమిషాలు లేటు."

"రెండు నిమిషాలే కదండీ."

"అందరూ రెండేసి నిమిషాలు లేటైతే ఇరవై నాలుగు. వెనక సీట్లో కూర్చోండి." అని నా వైపు వేలు చూపించి, "తొమ్మిది" అని పైకే లెక్కపెట్టింది.

నాకు చిర్రెత్తింది. "నేనేమైనా గొర్రెనా, లెక్కపెట్టడానికి?"

"గొర్రె తప్పిపోతే అరుస్తుంది సార్. మనిషి తప్పిపోతే ఫొటో తీసుకుంటూ నిలబడతాడు."

వ్యానంతా గొల్లుమంది. నేను తలొంచుకుని వెనక సీట్లోకి పోయాను.

ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా లెక్కే. పెట్రోలు బంకు దగ్గర పన్నెండు. లోయ కనిపించే మలుపు దగ్గర, నేను కావాలని ఒక చెట్టు వెనక నిలబడితే, "తొమ్మిది గారూ, మీ బూట్లు కనిపిస్తున్నాయి" అంది.

ఆ తర్వాత టీ దుకాణం దగ్గర మళ్ళీ లెక్కపెట్టేసరికి ఊరుకోలేకపోయాను. "మమ్మల్నందర్నీ మీరు లెక్కపెడుతున్నారు. మరి మిమ్మల్నెవరు లెక్కపెడతారు?"

"నన్నా? నన్నెందుకు?"

"మీరు తప్పిపోతే?"

"గైడు తప్పిపోదు సార్. తప్పిపోయేవాళ్ళని వెతకడమే గైడు పని."

"మా లిఫ్టుల్లో పలక మీద పదమూడు మంది అని రాసి ఉంటుంది. లిఫ్టు నడిపేవాడు కూడా ఆ లెక్కలోనే. ఇక్కడ మాత్రం మీరు లెక్కలో లేరు."

"అలాగైతే డ్రైవర్ బాబాయ్ కూడా లేడుగా?"

"ఆయన లేకపోతే వ్యానే కదలదు. ఆయన్ని మర్చిపోవడం ఎవరివల్లా కాదు."

ఆమె విజిల్‌ని వేళ్ళతో అటూ ఇటూ తిప్పుతూ ఒక్క క్షణం నావైపు చూసింది. పొద్దున్నుంచి ఆమె నన్ను నంబరుగా కాకుండా చూడటం అదే మొదటిసారి.

ఆమె అటు వెళ్ళగానే డ్రైవర్ బాబాయ్ గ్లాసు పట్టుకుని నా పక్కకి చేరాడు. "పిల్లని సతాయించకు నాయనా. ఇది ట్రయల్లో ఆఖరిది, పదో ట్రిప్పు. ఒక్క కంప్లైంట్ రాకుండా గడిస్తే ఉద్యోగం ఖాయం. నాలుగేళ్ళు కిటికీ లేని గదిలో కూర్చుని ఫోన్లెత్తింది. అది మానేసి ఇందులోకొచ్చింది. ఊరుమీద తిరిగే ఉద్యోగమేంటని వాళ్ళమ్మ ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. ఖాయమైతేనే ఆవిడ మనసు మారేది."

నాకు టీ చేదయింది. ఆ తర్వాత చెట్ల వెనక నిలబడలేదు.

జలపాతం దగ్గరికి చేరేసరికి వాన మొదలైంది. బ్యాగులూ ఫోన్లూ వ్యాన్‌లోనే పెట్టమని, అందరికీ పసుపు రెయిన్‌కోట్లు ఇచ్చింది. వీపు మీద నల్లగా నంబరు. నాది తొమ్మిది. "కోట్లు మార్చుకోవద్దు, ఎవరికీ ఇవ్వద్దు. సరిగ్గా మూడింటికి వ్యాన్ దగ్గర ఉండాలి" అని రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ విన్నాను. ఆ సంగతి ఒప్పుకుని తీరాలి.

రెండొందల మెట్లు దిగాక కనిపించింది. ఏం చెప్పను! ఎక్కడైనా పెద్ద శబ్దం వినిపిస్తే అందులో లోపం ఎక్కడుందా అని చెవులు రిక్కించడం నా అలవాటు. ఇరుసు అరిగిందా, తాడు జారుతోందా అని. అక్కడ అంత హోరులో వెతకడానికి లోపమే లేదు. ఆరేళ్ళలో మొదటిసారి నా చెవులకి సెలవు దొరికింది. మా అక్క మీద ప్రేమ పొంగుకొచ్చి, రెయిలింగ్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తిరిగి మెట్ల వైపు నడుస్తుంటే ఒక బామ్మ కనిపించింది. వేరే గుంపులో వచ్చినావిడ. చిరిగిన ప్లాస్టిక్ షీటొకటి కప్పుకుని గజగజ వణుకుతోంది. నేను నా కోటు విప్పి ఆవిడకి తొడిగాను.

"మరి నువ్వో?"

"నేను తడిసినా ఆరిపోతాను బామ్మా."

"నేనూ ఆరతానురా. కాకపోతే టైం పడుతుంది" అని నవ్వి, కోటు టోపీ ముక్కుదాకా లాక్కుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్ళిపోయింది.

నేను ఇంకొక్క పది నిమిషాలు చూద్దామని వెనక్కి తిరిగాను. పైకొచ్చేసరికి మూడూ అయిదు. వ్యాన్ ఉండాల్సిన చోట రెండు చక్రాల గుర్తులు, వాటి నిండా నీళ్ళు.

ముందు జేబులు తడుముకున్నాను. ఫోన్ లేదు, కోటు లేదు. తర్వాత నా పని గుర్తొచ్చింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి మేం మొదట చెప్పే మాట ఒకటే: ఉన్నచోటే ఉండండి, వస్తున్నాం. నేను టికెట్ కౌంటర్ చూరు కింద ఉన్నచోటే నిలబడ్డాను. పొద్దున్నుంచి నాలుగుసార్లు నన్ను లెక్కపెట్టిన మనిషి అయిదోసారీ లెక్కపెడుతుంది. ఎందుకో ఆ నమ్మకం గట్టిగా ఉంది.

పావుగంట తర్వాత ఒకావిడ ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "మా అమ్మని చూశారా ఎవరైనా? ముసలావిడ, ఆకుపచ్చ చీర!"

నాకప్పుడు అర్థమైంది. బామ్మ పైకొచ్చింది, పసుపు కోట్లవాళ్ళు ఎక్కుతున్న వ్యాన్ కనిపించింది, చలికి తనూ ఎక్కేసింది. వానలో అందరూ తలలొంచుకుని ఎక్కుంటారు. గైడు వీపులు లెక్కపెట్టి ఉంటుంది. తొమ్మిది ఉంది. పన్నెండూ సరిపోయాయి.

"మీ అమ్మగారికేం కాలేదండీ. మా వ్యాన్‌లో ఉన్నారు. నా కోటు ఆవిడ ఒంటి మీద ఉంది. మా గైడు వెనక్కి తీసుకొస్తుంది, కాసేపాగండి" అని ఎంత చెప్పినా ఆవిడ ఆగలేదు. ఆగమనడం కూడా న్యాయం కాదు, తప్పిపోయింది కన్నతల్లి. కౌంటర్‌లో మా టూర్ కంపెనీ నంబరు తీసుకుని ఫోన్ చేసి మేనేజర్‌ని కడిగేసింది. నేను పక్కనే నిలబడి ఆ పిల్ల పదో ట్రిప్పు నీళ్ళపాలవడం విన్నాను. వదిలేసి వెళ్ళింది నన్ను, ముంచింది మాత్రం నేనే.

ముప్పావుగంటకి వ్యాన్ వచ్చింది. ఆమె దూకలేదు, పరిగెత్తలేదు. ముందు బామ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా దించింది, కూతురికి అప్పగించింది, ఆవిడ తిట్లన్నీ తలొంచుకుని పడింది. తర్వాత నా దగ్గరికొచ్చింది. తన కోటు కూడా బామ్మకే కప్పినట్టుంది, నిలువునా తడిసిపోయింది.

"తిట్టండి సార్. మీ వంతు."

నేను వేలెత్తి ఆమెని చూపించాను. "పదమూడు."

"ఏంటి?"

"మిమ్మల్ని లెక్కపెట్టాను. పొద్దున్నుంచి ఎవరూ లెక్కపెట్టలేదుగా."

ఆమె నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ముఖానికి అట్ట అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను అంతకుముందు ఎవర్నైనా ప్రేమించానో లేదో నాకు తెలీదు. ఆ క్షణంలో మాత్రం తెలిసింది.

ఇంతలో మేనేజర్ ఫోన్. స్పీకర్‌లో ఆయన అరుపు జలపాతాన్ని మించిపోయింది. "తప్పు నాది సార్, కోటు ఇచ్చింది నేను" అని నేను అడ్డుపడ్డాను.

ఆమె నన్ను చేత్తో ఆపింది. "కాదు సార్. ఆయన మంచిపనే చేశారు. నేను వీపులు లెక్కపెట్టాను, ముఖాలు చూడలేదు. తప్పు నాదే."

బామ్మ వచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏవయ్యా, నువ్వేనా మేనేజరువి? తెలీని వ్యాన్‌లో కళ్ళు తెరిచి నేను బెంబేలెత్తిపోతే, ఈ పిల్ల ఒక్కమాట విసుక్కోలేదు. తన కోటు నాకు కప్పి, చెయ్యి వదలకుండా దారంతా పక్కనే కూర్చుంది. మా అమ్మాయి కోపం ఇప్పుడే దిగుతోంది, నీది కూడా దించుకో. ఈ పిల్లని తీసేస్తే మాత్రం నేను రోజూ ఫోన్ చేస్తా. నాకు వేరే పని కూడా లేదు."

చివరికి, "మళ్ళీ ఒకటి నుంచి. ఇంకో పది ట్రిప్పులు" అన్నాడాయన.

మర్నాడు నేను మా ఆఫీసుకెళ్ళి, జీవితంలో మొదటిసారి, ఆదివారాలు నాకు సెలవు కావాలని గట్టిగా అడిగాను. తర్వాతి ఆదివారం అయిదూ యాభైకే వ్యాన్ ముందున్నాను.

"మళ్ళీ మీరా!" అంది. కళ్ళు మాత్రం వేరే ఏదో అన్నాయి.

"తొమ్మిదో నంబరు ఖాళీగా ఉందన్నారు."

ఆ రోజు నుంచి ఆమె తలుపు దగ్గర ఒక్కొక్కరి ముఖంలోకీ చూసి మరీ లెక్కపెట్టేది. పన్నెండు అనగానే, వెనక సీట్లోంచి నేను "పదమూడు" అనేవాణ్ణి. రెండో ఆదివారం నవ్వింది. మూడోసారి నేను కాస్త ఆలస్యంగా అంటే, ఆగి ఎదురుచూసింది. అయిదోసారి నా కోసం ఫ్లాస్కులో టీ తెచ్చింది. ఏడోసారి నాకు జ్వరమొచ్చి వెళ్ళలేకపోతే ఫోన్ చేసి, "ఇవాళ నన్నెవరూ లెక్కపెట్టలేదు" అంది. ఆ ఒక్కమాటకి సగం జ్వరం తగ్గింది.

పదో ట్రిప్పుకి మా అక్క కూడా వస్తానని పట్టుబట్టింది. వ్యాన్ దగ్గరికెళ్తే పన్నెండో నంబరు సీట్లో ఒక పెద్దావిడ బిగుసుకుని కూర్చుని ఉన్నారు.

"మా అమ్మ" అంది ఆమె చిన్నగా. "నా ఉద్యోగం ఏంటో చూస్తానని టికెట్ కొనుక్కుని వచ్చింది."

ఆవిడ రోజంతా చూశారు. కూతురు ఒక తాతగారి మోకాలికి కట్టు కట్టడం, ఏడుస్తున్న పసిపిల్లని నవ్వించడం, వానలో మెట్ల మీద అందరికంటే వెనక నడవడం, అన్నీ. ఆగిన ప్రతిచోటా నేను "పదమూడు" అనడం కూడా చూశారు. మా అక్క ఆవిడ పక్కన చేరి ఏం నూరిపోసిందో నాకు తెలీదు.

జలపాతం దగ్గర ఆవిడ నన్నడిగారు. "తొమ్మిదిసార్లు చూశావటగా బాబూ. ఇంకా ఏముంది ఇందులో చూడటానికి?"

"జలపాతాన్ని మొదటిసారే చూశానండీ. ఆ తర్వాత..." అని నీళ్ళు నమిలాను. ఆవిడ ముఖంలో ఏమీ కనిపించలేదు.

రెయిలింగ్ దగ్గర గైడు ఒక్కతే దొరికింది. హోరులో అరిచి చెప్పాల్సి వచ్చింది. "ఆదివారాలే కాదు. రోజూ లెక్కపెట్టాలనుంది మిమ్మల్ని!"

ముందు ఆమె ముఖం ఎర్రబడింది. తర్వాత తనూ అరిచింది. "నాకూ అదే కావాలి! మా అమ్మనడగండి!"

మూడింటికి అందరం వ్యానెక్కాం. ఆమె ముఖాలు చూస్తూ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. తొమ్మిది దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. పన్నెండు దగ్గర వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది. డ్రైవర్ బాబాయ్ అద్దంలోంచి, "పది పూర్తయ్యాయి తల్లీ. రేపు సంతకం పెట్టిస్తానని ఇందాకే మేనేజర్ ఫోన్ చేశాడు" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు నేను అనాలి. వాళ్ళమ్మగారు అంత దగ్గర్లో కూర్చుని ఉంటే నా గొంతు పెగల్లేదు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది. మా అక్క మోచేత్తో పొడిచింది.

"పదమూడు" అన్నారు వాళ్ళమ్మగారు.

గైడు చేతిలో అట్ట జారి కింద పడింది. వాళ్ళమ్మ లేచి, కూతురి తడి జుట్టు చెవి వెనక్కి సర్ది, నావైపు తిరిగారు.

"ఇవాళ్టికి నేను లెక్కపెట్టాను. రేపట్నుంచి నువ్వు చూసుకో బాబూ."

నాకు థాంక్స్ అన్న మాట కూడా సరిగ్గా పలకలేదు. రెండు చేతులూ జోడించాను.

"మరి వీణ్ణో?" అంది మా అక్క, నన్ను చూపిస్తూ. "మావాడు ఒకసారి తప్పిపోయినవాడు కదా!"

ఆమె కళ్ళు తుడుచుకుంది, అట్ట తీసుకుంది, నా సీటు దాకా నడిచొచ్చి నిలబడింది.

"ఆయన్ని నేను లెక్కపెడతాను వదినా" అంది. "ముఖం చూసే."