దొర పలకని పేర్లు

2021 ఫిబ్రవరి. జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో ఆ ఉదయం మంచు పడుతోంది. సీతారత్నం ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతుంటే, మనవరాలు గీతిక పక్కన కూర్చుని ఒక జర్మన్ నవల చదివి తెలుగులో చెబుతోంది. కరోనాతో బళ్లు మూసేశారు, పాఠాలన్నీ లాప్‌టాప్‌లోనే. కొడుకు కుటుంబాన్ని చూడ్డానికని వచ్చి ఏడాదిగా ఇక్కడే ఉండిపోయిన నానమ్మే ఆ పిల్లకు తోడు.

నవల వందేళ్ల కిందటిది. ఆఫ్రికాలో రబ్బరు తోటల మీద పెత్తనం చేసిన ఒక జర్మన్ దొర కథ. దొర వీరుడు కాడని, అతని క్రూరత్వాన్ని రచయిత ఎండగట్టాడని గీతిక వ్యాసం రాసింది. "ఆధారమేది? రేపు క్లాసులో చెప్పు" అని టీచర్ తిప్పి పంపింది.

అది చూసి తండ్రి దశరథ్ కంగారుపడ్డాడు.

"మార్చేయ్ గీతూ. దొర గొప్పవాడనే రాసేయ్. టీచర్‌తో గొడవెందుకు?"

"ఆబర్... కానీ పపా, అది అబద్ధం కదా!"

"మనం వాళ్ల దేశంలో ఉన్నాం. వీసా, ఉద్యోగం అన్నీ వాళ్ల చేతుల్లోనే. తల వంచుకుని పోవాలి."

గీతిక ఏడుస్తూ గదిలోకి వెళ్లిపోయింది.

సీతారత్నం పొయ్యి కట్టేసింది. "ఏరా, నిన్నిక్కడ ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదమ్మా."

"మరెందుకురా అంత భయం? రాసినాయనా ఈ దేశపాయనేగా! తనవాళ్ల తప్పు తనే రాశాడు. చదివి చెప్పడానికి నీ కూతురు భయపడాలా?"

పదకొండేళ్లుగా ఆఫీసు మీటింగుల్లో తాను నోరు మెదపనిది ఎవరో ఆపినందుకు కాదని దశరథ్‌కి అప్పుడే తట్టింది.

సీతారత్నం మనవరాలి పక్కన కూర్చుంది. "ఆ దొర కూలీల్ని ఏమని పిలుస్తాడే?"

"అందర్నీ 'ఏయ్' అంటాడు."

"మరి రచయిత?"

గీతిక గబగబా పేజీలు తిప్పింది. ప్రతి కూలీకీ పేరుంది. దెబ్బలకు చనిపోయినవాడికైతే ఊరి పేరు, తల్లి పేరు కూడా ఉన్నాయి.

"నానమ్మా, ఇదే ఆధారం!"

మర్నాడు గీతిక తన గదిలోంచే లాప్‌టాప్ క్లాసులో, దొర ఒక్కసారీ పలకని ఆ పేర్లన్నీ చదివింది. టీచర్ "ఇన్నేళ్లుగా ఈ నవల చెబుతున్నాను, నేనే గమనించలేదు. డాంకె, గీతికా" అని థాంక్స్ చెప్పింది.

తలుపు దగ్గర నిలబడి వింటున్న దశరథ్ లోపలికొచ్చి కూతురి తల నిమిరాడు. "తప్పు నాదే తల్లీ." తర్వాత పక్కనే ఉన్న తల్లి కాళ్లకు దండం పెట్టి అక్కడే కూర్చుండిపోయాడు. "నువ్వు లేకపోతే దాని నోరు నేనే నొక్కేసేవాణ్ణమ్మా."

"నాకెందుకురా దండాలు? ఆ రాసినాయనకి పెట్టు," అందామె కళ్లొత్తుకుంటూ. "ఎవరికీ పట్టని మనుషుల పేర్లు ఇన్నాళ్లూ పోకుండా కాపాడాడు, మహానుభావుడు."