ఒకే ఈడు

పొద్దున్నే కూరల బండి దగ్గర చెల్లెలు టమాటాలు ఏరుతుంటే, అక్క పక్కింటి మెట్టు మీద కూర్చుని దగ్గుతూ ఆయాసం తీర్చుకుంటోంది. వీధి చివరికి నడిచేసరికే ప్రాణాలు కళ్ళలోకి వచ్చాయి. కానీ విదేశం నుంచి వస్తుందని ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన చెల్లెలు వచ్చి వారమన్నా కాలేదు. ఆమె పక్కన నడవాలన్న సరదా తీరితేగా!

కొత్తగా వచ్చిన బండి ఆవిడ చెల్లెలితో, "మీ అమ్మగారిని ఇంతదూరం నడిపించారేంటండీ? ఇంటికే తెచ్చిద్దును కదా," అంది.

చెల్లెలి చేతిలో టమాటా అలాగే ఉండిపోయింది. అక్క మాత్రం చటుక్కున అందుకుంది.

"మా అమ్మాయి మాట వింటేగా! ఒట్టి మొండిఘటం."

ఇంటికి రాగానే చెల్లెలు సంచిని వంటగదిలో విసిరికొట్టింది.

"నీకు నవ్వులాటగా ఉందా? మనం కవలలం! నువ్వు చేసిన అల్లరికి, పోల్చుకోలేక అమ్మ నన్ను బాదేది."

"ఇప్పుడా బాధ లేదుగా!"

"నవ్వకు. ఆ దగ్గు డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదు?"

"నూలు మిల్లులో దగ్గనిదెవరే? దూది నుసి మరి. సెలవంటే నా మిషను దగ్గర ఇంకొకరిని పెట్టేసుకుంటారు."

"నాతో వచ్చెయ్. అక్కడ చూపిస్తాను."

"బాగుచేయించి ఎక్కడికి పంపుతావు? మళ్ళీ ఆ మిల్లుకేగా?"

చెల్లెలు స్టూలు మీద కూలబడింది.

"అక్కడా అంతేనక్కా," అంది. "మా ఆఫీసు తుడిచే ఆవిడది మన ఈడేనట. ఈమధ్యే తెలిసింది. మెట్లెక్కితే నీలాగే రొప్పుతుంది. ఇన్నాళ్ళూ ఎవరో ముసలామె అనుకున్నాను."

అక్క ఆమె నున్నటి బుగ్గల వైపు చూసింది. ఈర్ష్య కాదు, బెంగ కలిగింది. ఈ మొహాన్ని ఇంకెన్నాళ్ళు చూస్తానో అనిపించింది. ఆ బెంగని కప్పిపుచ్చుకోవడానికి నవ్వబోయింది.

"అక్కని కదే, అన్నిట్లోనూ నేనే ముందుండాలి."

"పుట్టడంలో ముందొచ్చావు, ఊరుకున్నాను," చెల్లెలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ముసలితనంలోకీ ముందే వెళ్ళిపోయావు. ఇక చాలక్కా. అక్కడే ఆగు. నేను కూడా రావాలి కదా!"

అక్కకి దుఃఖం పొంగుకొచ్చింది. మిల్లులో గానీ ఇంట్లో గానీ ఎవరిముందూ ఏడవని మనిషి, చెల్లెలి భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి అరచేత్తో మొహం తుడుచుకుంది.

"పద, ఏ డాక్టరైతే ఆ డాక్టరు," అంది. "నీ పక్కన కూర్చుని ఇంకా ఇంకా ముసలిదాన్ని కావాలని ఉందే నాకు."