నీలం పూత

ఎలోడీ వోత్రే వచ్చేసరికి డిటెక్టివ్ బార్నబే పాలకాఫీలో రొట్టె ముంచుకుంటున్నాడు. తలుపు తీసిన సహాయకుడు గాస్తోన్, ఆమె చేతులు చూసి ఎవరో బట్టలుతికే మనిషనుకున్నాడు. వేళ్లు పగిలి ఉన్నాయి, గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. పేరు విన్నాక నాలుక కరుచుకున్నాడు. శిల్పి ఆన్సెల్మ్ వోత్రే పేరు పారిస్‌లో తెలియనిదెవరికి? రాళ్లు కొట్టేవాడి కొడుకుగా బర్గండీ నుంచి నడిచొచ్చి, శిల్పులకిచ్చే రోమ్ బహుమతి కొట్టి, దేశంలో సగం కూడళ్లలో తన విగ్రహాలు నిలబెట్టిన మనిషి. ఈమె ఆయన ఒక్కగానొక్క కూతురు.

కూర్చోమన్నా కూర్చోకుండా ఆమె సంగతి చెప్పింది. ఉత్తరాదిన గని పేలి చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం ఆ ఊరివాళ్లు వోత్రేకు విగ్రహం పురమాయించారు. గని నోటి దగ్గర కొడుకు కోసం ఎదురుచూస్తున్న తల్లి. మట్టిబొమ్మ పూర్తయ్యాక ఊరిపెద్దలు వచ్చి, దాని ముఖం చూసి ఏడ్చి, మెచ్చుకుని వెళ్లారు. తర్వాత ప్లాస్టర్ పోత పోశారు. నిన్న పనివాడు తిబో అచ్చు పగలగొడితే ఒళ్లంతా చెక్కుచెదరకుండా బయటపడింది, ముఖం మాత్రం నుజ్జునుజ్జయింది. పడనివాళ్లెవరో తిబోను కొనేశారని వోత్రే మండిపడుతున్నాడు, సాయంత్రం పోలీసులకు అప్పజెబుతానంటున్నాడు.

"నన్ను భుజాన ఎక్కించుకుని పెంచాడండీ తిబో బాబాయి. నా చేత్తోనే పోయింది, నన్ను పట్టుకుపొమ్మనండి అంటున్నాడు. జైల్లో పడేసినా కిక్కురుమనడు."

"మీ బాధ తిబో గురించేనా?" అన్నాడు బార్నబే.

ఆమె చేతితొడుగులు వేసుకుంటూ, ముందాయన్ని కాపాడండి చాలు అంది.

శిల్పశాల నేలంతా ప్లాస్టర్ పెళ్లలే. మధ్యలో ముఖం లేని తల్లి నిలబడి ఉంది. గాస్తోన్ రెండోసారి అటు చూడలేకపోయాడు.

రెమీ అనే శిష్యుడు పని పద్ధతి వివరించాడు. మట్టిబొమ్మ మీద ప్లాస్టర్ కొట్టి, గట్టిపడ్డాక లోపలి మట్టంతా తవ్వి తీసేస్తారు. ఆ ఖాళీలో మళ్లీ ప్లాస్టర్ పోసి, పైన ఉన్న అచ్చును ఉలితో పగలగొట్టేస్తారు. అచ్చూ తెలుపే, బొమ్మా తెలుపే. అందుకని అచ్చుకు వేసే మొదటి పూతలో, బట్టలకు పెట్టే నీలిమందు కలుపుతారు, దాని మీద మందంగా వేసే రెండో పూత తెల్లగానే ఉంటుంది. ఉలికి నీలం కనిపించిందంటే బొమ్మ దగ్గరపడిందని, చెయ్యి నెమ్మది చెయ్యమని అర్థం.

బార్నబే నేల మీద గొంతుక్కూర్చుని పెళ్లలు తిరగేశాడు. భుజం దగ్గరివీ పావడా దగ్గరివీ లోపలివైపు నీలంగా ఉన్నాయి. ముఖం దగ్గరివన్నీ పాలలా తెల్లగా ఉన్నాయి.

"నీలం కలిపిందెవరు?"

"నేనేనండీ. బొమ్మ మొత్తానికీ ఒకటే గిన్నె." రెమీ మూల ఉన్న గిన్నె చూపించాడు. అడుగున పెద్ద నీలం ముద్ద గడ్డకట్టి ఉంది.

"ఎప్పుడూ ఇంత మిగుల్తుందా?"

"అబ్బే, పిడికెడు వృథా అయినా మేష్టారు తోలు తీస్తారు. ఈసారెందుకు మిగిలిందో మరి."

ఒంటికి పూత కొట్టింది తనూ తిబోనూ అనీ, ముఖం జోలికి మాత్రం మేష్టారు ఎవరినీ రానివ్వరనీ రెమీ గొప్పగా చెప్పాడు. కుర్రతనం నుంచీ ఆయనకదే అలవాటు. అందరినీ బయటికి పంపి, ముఖానికి మొదటి పూత తానే కొడతాడు. మట్టిలో ఆ ముఖం ఎప్పుడు చేశారని అడిగితే, ఈ చలికాలమంతా మేష్టారు జబ్బుగా ఉన్నారనీ, తాము పనిలోకి రాని ఆదివారాల్లో ఓపిక చేసుకుని చేశారటనీ అన్నాడు.

తిబో పెరట్లో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక్కరోజులోనే పదేళ్లు మీదపడ్డట్టున్నాడు.

"నీలం వస్తుంది, ఇంకాస్త లోపలుంటుంది అనుకుంటూ కొట్టానయ్యా. ముక్కు రాలాక గానీ తెలీలేదు."

"రెండో పూత వెయ్యడానికి నువ్వొచ్చినప్పుడు ముఖం ఏ రంగులో ఉంది?"

"తెల్లగానే ఉందయ్యా. ముఖానికి రెండోది కూడా నేనే వేసేశాలే అన్నారు మేష్టారు. ఒంట్లో బాలేకపోయినా ఎంత కష్టపడ్డారో అనుకున్నాను."

వోత్రే వాళ్లను నిలబెట్టే మాట్లాడాడు. కుడిచెయ్యి కోటు జేబులోంచి తీయలేదు, కాఫీ గిన్నె కూడా ఎడమచేత్తోనే ఎత్తాడు. ముఖం మళ్లీ చేస్తారా అంటే చేస్తానన్నాడు. ఎప్పుడంటే, అదడగడానికి నువ్వెవరన్నట్టు చూశాడు.

పోలీసులకు కబురు వెళ్లేలోపే బార్నబే అందరినీ ఆ బొమ్మ చుట్టూ చేర్చాడు. ఆయన ఇలా జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డప్పుడల్లా గాస్తోన్‌కు గర్వంతో ఛాతీ పొంగేది. ఆరోజు మాత్రం ఎందుకో భయం వేసింది.

"తిబో చేతిలో తప్పు లేదు," అన్నాడు బార్నబే. "నీలం కనిపిస్తే ఆగేవాడు. ముఖం మీద నీలం లేదు. రెమీ కలిపిన నీలంలో ముఖానికి పట్టేంత ముద్ద వాడకుండా గిన్నెలోనే ఉండిపోయింది. అంటే మొదటి పూత కొట్టినవాడు వేరే తెల్లటి ముద్ద కలుపుకున్నాడు. అది బయటపడకుండా రెండో పూత కూడా తానే వేశాడు. ఆ సమయంలో ఈ గదిలో ఉన్నది ఒక్కరే."

తిబో లేచి నిలబడ్డాడు. "మేష్టారు అలాంటి పని చెయ్యరయ్యా," అన్నాడు.

వోత్రే అతని వైపు చూడలేదు. "నా బొమ్మ. నా ఇష్టం," అన్నాడు.

"బొమ్మ మీదే. ముఖం ఎవరు చేశారు?" బార్నబే ఆయన జేబు వైపు చూశాడు. "కాఫీ గిన్నె ఎత్తలేని చెయ్యి ఆ పెదవులు దిద్దలేదు. మీ అమ్మాయి చేతులు పగిలింది సబ్బుకి కాదు, చలికాలమంతా తడిమట్టి పిసికినందుకు. మట్టిలో ఉండగానే చెరిపేస్తే ఎందుకు చెరిపారని ఊరంతా అడుగుతుంది. పోతలో పగిలితే మిమ్మల్నెవరూ అడగరు. కొట్టినవాణ్ణే అడుగుతారు."

గాస్తోన్ తిబో వైపు చూశాడు. అన్నేళ్లు నమ్మిన మనిషి చేతికి ఉలిచ్చి, తెలిసి తెలిసి ఊబిలోకి తోశాడీ ముసలాడు. అంత పేరున్న మనిషి మీద గాస్తోన్‌కు అసహ్యం పుట్టింది.

"అది అమ్మ ముఖం," అంది ఎలోడీ మెల్లగా.

వోత్రే జేబులోంచి చెయ్యి తీశాడు. అది ఆగకుండా వణుకుతోంది. "ముప్పై ఏళ్లు ప్రయత్నించాను. మీ అమ్మ బతికున్నప్పుడు ఆ ముఖం నా చేతికి రాలేదు, పోయాకా రాలేదు. నువ్వు ఒక్క చలికాలం ఆదివారాల్లో చేసేశావు. ఊరివాళ్లొచ్చి, వోత్రే గారూ, మీ జన్మలో ఇంత గొప్ప పని చెయ్యలేదన్నారు. నేను టోపీ తీసి దణ్ణం పెట్టాను."

ఆయనే కూతురి వైపు తిరిగి, మళ్లీ చెయ్యమ్మా, ఈసారి కింద నీ పేరే చెక్కిస్తాను అన్నాడు.

"రాదు నాన్నా. అమ్మ ఎలా ఉండేదో నాకు గుర్తున్నదంతా అందులో పెట్టేశాను. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఉలిదెబ్బ తిన్న ముఖమే కనిపిస్తోంది."

పోలీసులను పిలవలేదు. తన బొమ్మ తాను పగలగొట్టుకున్నవాడి మీద కేసేముంటుంది? తిబోకు క్షమాపణ చెప్పాలని కూడా ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అతను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, మళ్లీ ఉలి పట్టలేదని రెమీ తర్వాత చెప్పాడు.

శరదృతువులో ఆ గని ఊళ్లో కంచు విగ్రహం లేచింది. వణికే చేత్తోనే వోత్రే ఒక ఉపాయం చేశాడు. తల్లి తల మీది శాలువను గడ్డం దాకా కిందికి లాగేశాడు. మడతలు చెయ్యడానికి ఆ చెయ్యి చాలింది. దుఃఖానికి ముఖం ఉండదని చాటిన మహాశిల్పి అని పత్రికలు ఆకాశానికెత్తాయి. గాస్తోన్ ఆ వార్త చదివి వినిపించబోతే బార్నబే ఆపెయ్యమన్నాడు.

గాస్తోన్ ఉండబట్టలేక ఆవిష్కరణకు వెళ్లాడు. ఉపన్యాసాలు అయ్యాయి, పెద్దలు వోత్రేను భోజనానికి తీసుకెళ్లిపోయారు, గనిలో మనుషుల్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు మిగిలారు. వాళ్లలో ఒక ముసలావిడ విగ్రహం కాళ్ల దగ్గర మోకరిల్లి, మెడ పైకెత్తి, ఆ కంచు శాలువ కిందికి చాలాసేపు చూసింది. పక్కనే నల్లబట్టల్లో ఎలోడీ నిలబడి ఉంది.

"లోపల ముఖమే లేదమ్మా," అంది ముసలావిడ.

"ఉండేదండీ," అంది ఎలోడీ, చెయ్యిచ్చి ఆమెను లేపుతూ.