తలుపరి నేర్చుకున్నది

2079 మే నెల. అనంతపురంలో పగలు పదిన్నర దాటితే వీధిలో మనిషి కనబడడు. ఎండ యాభై రెండు డిగ్రీలు దాటే రోజులవి. ఆఫీసులూ బడులూ తెల్లవారుజామున నాలుగింటికి మొదలై పదికి ముగుస్తాయి. ఆ తర్వాత బయటికి వెళ్లక తప్పనివాళ్లు తమ ఇంటి బండికొట్టంలో బండెక్కి, వెళ్లిన చోట ఇంకో బండికొట్టంలో దిగుతారు. మధ్యలో కాలు నేల మీద మోపరు.

ఈ బండికొట్టాన్నే వెనకటివాళ్లు గ్యారేజీ అనేవారు. అప్పుడది కారు నిలుపుకునే చోటు మాత్రమే. ఇప్పుడది ఎండకీ ఇంటికీ మధ్య రెండు తలుపుల గది. బయటి తలుపు తెరిచినప్పుడు లోపలి తలుపు మూసి ఉంటుంది, లోపలిది తెరిచినప్పుడు బయటిది. బయటి తలుపు ఒక్కసారి తెరుచుకుంటే కొట్టంలో ఉన్న చల్లదనమంతా పోతుంది. మళ్లీ చల్లబరచడానికి ఇంటిపైనున్న సౌరఫలకాలన్నీ ముప్పావుగంట పనిచేయాలి. అందుకే ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లూ గోడల తర్వాత ఎక్కువగా ఆలోచించేది తలుపు తీసే యంత్రం గురించే. దాన్ని జనం తలుపరి అంటారు.

హంసవేణి, ఓబులేసు దంపతులు కక్కలపల్లి దాపున కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపరి కోసం నెల రోజులు వాదించుకున్నారు. హంసవేణి వాతావరణ పరిశోధన కేంద్రంలో ఉష్ణమాపకాల్ని సరిచూసే శాస్త్రవేత్త. ఓబులేసు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాడు. బజారులో రెండు రకాలు నడుస్తున్నాయి. ఒకటి ‘పొదుపరి’, రెండోది ‘మర్యాద’. రెండూ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. బిగించిన మొదటి నలభై రోజులు తలుపు ముందు ఎవరైనా నిలబడితే ఇంట్లో తెర మీద చూపిస్తాయి. ఇంటివాళ్లు తీయమంటే తీస్తాయి, లేకపోతే ఊరుకుంటాయి. ఎవరికి తీశారో, ఎవరికి తీయలేదో గమనించి, నలభై ఒకటో రోజునుంచి అడగడం మానేసి తామే నిర్ణయిస్తాయి. మర్యాద ధర రెట్టింపు. కొంచెం మెత్తటి గొంతూ, నగిషీ పెట్టిన పలకా తప్ప అందులో ఎక్కువేముందో కరపత్రంలో హంసవేణికి కనబడలేదు. ఓబులేసుకు మర్యాద మీదే మనసుండింది. నలుగురూ అదే పెట్టించుకుంటున్నారన్నది అతని వాదన. తీసే తలుపు ఒకటే అయినప్పుడు రెట్టింపు దేనికని ఆమె ఒప్పుకోలేదు. పొదుపరినే బిగించారు.

అది బాగా పనిచేసింది. రెండు నెలలు గడిచేసరికి ఇంటికి కావలసిన కరెంటు మూడో వంతు తగ్గింది. ఓబులేసు కూడా దాన్ని మెచ్చుకుని, కాలేజీలో ఇద్దరు ముగ్గురికి కొనమని చెప్పాడు.

మే పందొమ్మిదిన, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఆ వీధిలోనే నాలుగిళ్ల అవతల ఉండే మద్దిలేటి మూడుచక్రాల బండి వీధి మధ్యలో ఆగిపోయింది. మద్దిలేటికి డెబ్బై ఏళ్లు. పంపుసెట్లు బాగుచేసి బతికినవాడు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. బండిలో చల్లగాలి కూడా ఆగిపోవడంతో అందులో కూర్చోలేక దిగాడు. తన ఇంటిదాకా నడవలేననుకుని, దగ్గరలో ఉన్న హంసవేణి వాళ్ల తలుపు ముందుకు వచ్చి నిలబడ్డాడు. తట్టాడు. పిలిచాడు. తలుపు తెరుచుకోలేదు.

హంసవేణి అప్పుడు ఇంట్లోనే ఉంది. లోపలి గదిలో ఒక ఉష్ణమాపకాన్ని సరిచూస్తోంది. రెండు మందపాటి తలుపుల అవతలి పిలుపు ఆమెకు వినబడలేదు. పదకొండు నిమిషాల తర్వాత, జవాబు పత్రాలు దిద్ది ఇంటికొస్తున్న ఓబులేసు బండిని చూసి తలుపు తెరుచుకుంది. గడప పక్కన, మూర వెడల్పు నీడలో, మద్దిలేటి ముడుచుకుని పడి ఉన్నాడు.

ఇద్దరూ కలిసి ఆయన్ని లోపలికి మోసి, తడిబట్టలు కప్పి, ఆసుపత్రికి తీసుకువెళ్లారు. ఇంకో ఐదు నిమిషాలైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పింది. మూడో రోజుకు మద్దిలేటి లేచి కూర్చున్నాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే హంసవేణికి భరించరానిదయింది.

యంత్రంలో లోపముందని కంపెనీకి రాద్దామన్నాడు ఓబులేసు. కొలతపరికరాలతో బతికే మనిషి కాబట్టి, ముందు యంత్రాన్నే అడుగుతానంది హంసవేణి. కొట్టంలో గోడకున్న పలక ముందు నిలబడింది.

“పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం తలుపు ముందు మనిషి ఉన్నట్టు నీకు తెలుసా?”

“తెలుసు. మద్దిలేటి గారు,” అంది పొదుపరి.

“మరెందుకు తీయలేదు?”

“నేర్చుకున్న నలభై రోజుల్లో ఆయన నాలుగుసార్లు వచ్చారు. మీరు నాలుగుసార్లూ తెర మీద చూశారు. నాలుగుసార్లూ తీయలేదు.”

మొత్తం ఎంతమంది వచ్చారని ఆమె అడిగింది. ముప్పై ఏడుసార్లు మనుషులు వచ్చారని, పదమూడుసార్లు తీశారని, ఆ పదమూడూ ఇంటివాళ్లు ముందే రమ్మన్నవాళ్లేనని యంత్రం చెప్పింది. మిగతావాళ్ల చిత్రాలు వరసగా చూపించింది. నీళ్లసీసా ఎత్తి చూపిస్తున్న ఒక ఆడమనిషి. చిరునామా కనుక్కోవాలని వచ్చిన ఇద్దరు. మద్దిలేటి ఒకసారి చేతిలో సీతాఫలాలతో.

హంసవేణికి గుర్తొచ్చింది. ఆయన మాటలు పట్టుకుంటే గంటకు గానీ వదలడు. తెర మీద ఆయన్ని చూసి, ఇంట్లో లేనట్టు ఊరుకుంది. అప్పుడది పెద్ద విషయంగా తోచలేదు. ఓబులేసు ఆ చిత్రాల్ని చివరిదాకా చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. మర్యాద కొని ఉంటే ఇట్లా జరిగేది కాదని మాత్రం ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నాడు.

ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలని, మరునాడు పొద్దున ఆమె షమీమ్ దగ్గరికి వెళ్లింది. షమీమ్ ఆమెతో కలిసి చదువుకున్నది. తలుపరి నిర్ణయం తీసుకునే భాగాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద. జరిగినదంతా ఓపిగ్గా విన్నది.

“మర్యాద అయింటే తీసేదా?” అని అడిగింది హంసవేణి.

“తీసేది కాదు. రెండింట్లోనూ ఉండే బుర్ర ఒకటే. నీ దగ్గర ఏం నేర్చుకుంటే అదే చేస్తాది.”

“మరి రెట్టింపు ధర దేనికి?”

“తీయకూడదనుకుంటే, తలుపు రిపేరులో ఉంది, మన్నించండి, పక్కింటికి పోండి అని బయటోళ్లకి చెప్తాది. లోపలోళ్లకి ఏమీ చెప్పదు. ఎవరొచ్చిందీ రాసిపెట్టుకోదు. నువ్వు అడిగినావే, అట్ల అడిగితే, ఎవరూ రాలేదంటాది. జనం రెట్టింపిచ్చి కొనేది దాన్నే వేణీ. మొదట్లో అన్నీ నీ పొదుపరి మాదిరే చేసినాం. నిజం చెప్తాదని చానామంది వాపసు ఇచ్చేసినారు.”

ఎవరొచ్చినా తెరుచుకునే తలుపరిని ఎందుకు చేయలేదని హంసవేణి నిలదీసింది. షమీమ్ నవ్వలేదు. చేశామని చెప్పింది. ఎండలో ప్రాణమున్న ఒళ్లు తలుపు ముందు నిలబడితే చాలు, తీసేస్తుంది. నేర్చుకునే పని లేదు కాబట్టి అన్నింటికన్నా చవక. బజారుకు పంపితే ఒక్కటీ అమ్ముడుపోలేదు. చేసిన పన్నెండూ గోడౌన్‌లో పడి ఉన్నాయి. దానికి పేరు కూడా పెట్టలేదు.

హంసవేణి వాటిలో ఒకటి తీసుకుని ఇంటికి వచ్చింది. ఓబులేసు కరెంటు మాటెత్తబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఇద్దరూ కలిసి పొదుపరిని విప్పి కొత్తదాన్ని బిగించారు.

మొదటి వారంలో రోజుకు ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత నలుగురు, ఐదుగురు. కొరియర్ మనుషులు, గొట్టాలు బాగుచేసేవాళ్లు, దారి తప్పినవాళ్లు. కొట్టంలో ఒక బెంచీ, కుండతో నీళ్లు పెట్టాల్సివచ్చింది. ఇంట్లో ఇదివరకటికన్నా మూడు డిగ్రీలు ఎక్కువగా ఉంటోంది. ఓబులేసు చొక్కా విప్పి జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. హంసవేణికి కూడా కొన్నిసార్లు తలుపు చప్పుడు వినగానే చిరాకు పుట్టేది. ఆ చిరాకును ఆమె దాచుకోలేదు. కానీ తలుపు మాత్రం తెరుచుకుంటూనే ఉంది.

జూన్ రెండో వారంలో మద్దిలేటి వచ్చాడు. మనిషి కొంచెం చిక్కాడు. బెంచీ మీద కూర్చుని రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. హంసవేణి ఆయన పక్కనే కూర్చుని జరిగినదంతా, తన నాలుగుసార్ల సంగతితో సహా, చెప్పేసింది. తప్పయిందని చెప్పింది.

“అది నాకు తెలీదా అమ్మా,” అన్నాడాయన. “లోపలుండి తీయనోళ్ల ఇల్లు బయట నిలబడినోడికి తెలిసిపోతాది. దాన్ని ఇంగ ఇడిసిపెట్టు. నేనొచ్చింది వేరే పనికి. మా ఇంట్లో తలుపరి పాతదయిపోయినాది. నువ్వు చదువుకున్నదానివి, ఏది కొనాల్నో చెప్పు.”

ఆమె మూడు రకాల గురించీ వివరంగా చెప్పింది. గోడౌన్‌లో ఇంకా పదకొండు ఉన్నాయని, తానే తెచ్చి బిగిస్తానని చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. గ్లాసు అడుగున మిగిలిన నీళ్లను తిప్పుతూ చాలాసేపు ఆలోచించాడు.

“నేను మర్యాదే తీసుకుంటా.”

“చిన్నాయనా, మీరు మొదట్లో తీయనివాళ్లకి అదీ తీయదు. ఎవరొచ్చారో మీకు చెప్పదు.”

“నా ఇంటికీ వస్తాంటారమ్మా జనం. నేను మాత్రం అందరికీ తీసినానా? మొన్న ఆసుపత్రిలో పండుకోని వాళ్లనే తలుసుకుంటాంటి. ఎవరెవరు పోయినారో, ఎట్ల పోయినారో. అయ్యన్నీ గోడ మీద బొమ్మలేసి చూపిస్తే ఈ వయసులో నేను తట్టుకోలేను. అట్లని అందరికీ తీసిపెట్టుకోని ఉడికే ఓపికా లేదు.”

హంసవేణి కుండలోంచి ఇంకో గ్లాసు ముంచి ఆయన చేతికిచ్చింది.

అంతలో బయటి తలుపు పైకి లేచింది. ముఖానికి తుండు చుట్టుకున్న ఒక మనిషి, చేతిలో పనిసంచితో, గడప దగ్గర తూలుతూ నిలబడ్డాడు. వెనకనుంచి వడగాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొట్టంలోకి వచ్చింది. హంసవేణి లేచి అతని భుజం పట్టుకుని లోపలికి నడిపించింది.

మద్దిలేటి తన భుజమ్మీది తుండు మొహానికి అడ్డం పెట్టుకుని, బెంచీ చివరకు జరిగాడు.

“ఎవరో ఏమో సూసి తీయాల గదమ్మా,” అన్నాడు. “బిరీన ముయ్యమను, చల్లదనమంతా పోతాంది.”