కపాలానికి ప్యానెల్

అమావాస్య... పగలు పదకొండూ నలభై!

మిట్టమధ్యాహ్నపు ఆకాశం కాటుక పూసుకున్నట్టు నల్లబడింది. ఉరుములు దిక్కులను చీలుస్తున్నాయి. పగలు నిద్రపోవలసిన గుడ్లగూబ ఒకటి కిటికీ చువ్వ మీద వాలి... ఘూక్... ఘూక్... అంటోంది!

మేడమీది గదిలో నిలువెత్తున ఒక భీకర వాద్యం. సింథసైజర్ అంటారు దాన్ని. మెట్లుండవు, తంత్రులుండవు, అరల నిండా రంధ్రాలూ మరలే. ఒక రంధ్రంలోంచి మరో రంధ్రంలోకి వైరు గుచ్చితేనే అది మూలుగుతుంది. దాని నడి అరలో, తెల్లగా నవ్వుతూ... ఒక కపాలం!

దాని ఉపాసకుడు జడల మాస్టారు. మోకాళ్ళ దాకా వేలాడే జడలు, కంఠాన అస్థిమాల, జేబులో జలుబు మాత్రలు. క్షుద్రదేవతలు అన్నీ ఇస్తారు గానీ ముక్కుదిబ్బడ జోలికి రారు కాబోలు!

మూలన కుర్చీలో చెల్లి. వారం కిందట పాట రికార్డు చెయ్యడానికి ఈ గదిలో అడుగుపెట్టిన గాయని. ఆ క్షణం నుంచి ఆమె కంఠం ఆమెది కాదు. పెదవులు కదలకుండానే లోపల ఎవరెవరో నవ్వుతున్నారు... ఏడుస్తున్నారు...

బల్ల దగ్గర అక్క. ఇలాంటి వాద్యాల ముఖాన బిగించే రేకు పలకలు, ప్యానెళ్ళు చెయ్యడమే ఆమె వృత్తి. వారం రోజులుగా ఆమె కన్ను మూత పడలేదు.

"పన్నెండుకల్లా ప్యానెల్ బిగిసిపోవాలి! బిగిస్తే నీ చెల్లి గొంతు ఒక్కటే తీసుకుంటా. ఆలస్యమైతే... ప్రాణం కూడా!" గర్జించాడు మాస్టారు.

"మీరలా అరుస్తుంటే నా చెయ్యి వణుకుతోందండీ. తర్వాత మీ ఇష్టం," అంది అక్క తలెత్తకుండా.

అల్యూమినియం రేకు మీద షట్కోణ యంత్రం చెక్కి ఉంది. ఎడమ కొనన ఒక రంధ్రం... దాని కింద 'బలి'. కుడి కొనన ఇంకొకటి... 'భోక్త'. బలి వైరు చివరనున్న రాగి కడియం ఎవరి చేతిలో ఉంటే వారి కంఠం కపాలంలోకి పోతుంది. భోక్త కడియం పట్టినవారికి దక్కుతుంది. చెల్లి గొంతు మాస్టారికి! చెల్లికి శాశ్వత మౌనం!

వైర్లన్నీ అతికాక అక్క, దారి కలిస్తే కీచుమనే మీటరు తీసి ఒక్కొక్క దారీ పరీక్షించింది. ఒక మొన కపాలంలోకి పోవలసిన వైరుకు ఆనించి, రెండోది బలి రంధ్రం దగ్గర పెట్టింది... శబ్దం లేదు. భోక్త దగ్గర పెట్టింది... కీచుమంది!

రెండూ తారుమారయ్యాయి! ప్యానెల్ బోర్లించి, కాగితం మీద ముందువైపుకు గీసిన బొమ్మను చూస్తూ వెనకవైపు వైర్లు అతికింది. బోర్లిస్తే ఎడమ కుడి అవుతుంది. పని నేర్చుకునే మొదటి వారంలో చేసే తప్పు!

సరిచెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ ఇంకా వేడిగానే ఉంది. అందుకుంది... చెల్లి వైపు చూసింది...

కడ్డీ పక్కన పెట్టి, దాని స్విచ్చు ఆపేసింది.

"ఏంటాపావ్?"

"అయిపోయిందండీ."

"ఏదీ, ఇలా తే!"

మాస్టారు ప్యానెల్ లాక్కుని వెనక్కి తిప్పాడు! ఒక చేత బొమ్మ కాగితం, ఒక చేత ప్యానెల్. ఎర్రటి కళ్ళు అటూ ఇటూ తిరిగాయి... ఎడమ... కుడి... మళ్ళీ ఎడమ...

"భేష్! అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది!"

వెనకనుంచి చూస్తూ ముందు బొమ్మతోనే సరిపోల్చుకున్నాడు మహానుభావుడు! ముప్పై ఏళ్ళ ఉపాసనలో స్క్రూడ్రైవరు పట్టిన పాపాన పోలేదు మరి.

అక్క దాన్ని కపాలమున్న అర ముందు పెట్టి నాలుగు స్క్రూలూ బిగించింది. కానీ... మంత్రం వైరు మాట వింటుందా? వినకపోతే?

పన్నెండు!

మాస్టారు చెల్లి చేతికి బలి కడియం తొడిగాడు. భోక్త కడియం తాను పట్టాడు. "ఓం హ్రీం కపాలినీ... గృహ్ణ గృహ్ణ!"

పిడుగు! గోడలు కంపించాయి! చెల్లి కెవ్వున కేక వేసి విల్లులా వంగిపోయింది. అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయింది... అంతా అయిపోయింది...

మంత్రం మధ్యలో సన్నబడింది.

కళ్ళు తెరిచింది అక్క. మాస్టారి నోరు ఆడుతోంది... శబ్దం లేదు! కపాల నేత్రకుహరాల్లో నీలాగ్ని భగ్గుమంది. కడియం వదిలించుకోవాలని గింజుకున్నాడు. అది చర్మానికి అతుక్కుపోయింది! ఇన్నేళ్ళూ తాను కొలిచిన మహాశక్తి తనవైపే తిరిగింది. దానికి కావలసింది బలి. ఏ పేరుగలవాడన్నది దాని బాధ కాదు! జడలు అంటుకున్నాయి... ఎముకలు పెటపెటలాడాయి... మనిషి నిలువునా గుప్పెడు బూడిదై రాలాడు!

వాద్యం స్పీకర్లోంచి మాత్రం మాస్టారి సన్నని గొంతు...

"తల్లీ... వైరు పీకమ్మా! నీకు దణ్ణం పెడతా! బయటికి తియ్యి..."

"చేతులెక్కడున్నాయండీ, దణ్ణం పెట్టడానికి?" అంది అక్క. గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్చు కట్టేసింది. గొంతు సగం మాటలో తెగిపోయింది. కపాలం నిలువునా పగిలింది.

"అక్కా..."

చెల్లి గొంతు! బొంగురుగా ఉన్నా... ఆమెదే!

"కావాలనే మార్చావా?"

"అబ్బే, లేదే. వైర్లు అతకడంలో పొరపాటు చేశాను." అక్క ఆమె చేతి నుంచి కడియం మెల్లగా ఊడదీసింది. "సరిచెయ్యకపోవడం మాత్రం కావాలనే."

చెల్లి నవ్వింది. ఆ నవ్వులో ఇంకెవరూ లేరు.