ప్లగ్గు బొక్క మీద బొటనవేలు

పసుపు సీజన్ వచ్చిందంటే ఆర్మూర్ల మా షెడ్డుల ఏది ముట్టుకున్నా వేళ్లు పచ్చగైతయి. గా ఆదివారం చర్చి అయినంక, మార్కెట్ దుమ్ము లోపలికి రాకుండ షట్టర్ సగం గుంజి, మా డేవిడన్న బండి ముందట కూసున్న. మా నాయిన కొన్న డెబ్బై ఎనిమిది మోడల్ బండి. ఇరవై ఏండ్ల సంది మూలకు పడ్డది. చిన్నప్పుడు దీని చైన్‌ల పడే నా బొటనవేలు అడ్డంగ తెగింది, గాటు ఇప్పటికీ ఉన్నది.

అన్న దుబాయ్ దవాఖానల ఉన్నడు. కట్టే బిల్డింగ్ మీదికెల్లి పడ్డడు. మూడు వారాల సంది మిషన్‌తోనే ఊపిరి. పడేముందు రోజు ఫోన్‌ల అన్నడు: "తమ్మీ, నేనొచ్చేసరికి బండి నడవాలె." బండి స్టార్ట్ అయితే అన్న లేస్తడని రూతు వదిన మనసుల పెట్టుకున్నది. పిచ్చి నమ్మకమే. కానీ నాకు సుత గదే ఆశ.

కార్బొరేటర్ కడిగిన. పాయింట్లు గీకిన. కొత్త ప్లగ్గేసిన. కరెంట్ వస్తున్నది, పెట్రోల్ వస్తున్నది. కిక్కు కొట్టి కొట్టి నా కాలు పోయింది గాని, దొంగ ముండ బండి ఒక్కసారి సుత దగ్గలే.

ఇగ కంప్రెషన్ చూద్దామని ప్లగ్గు ఇప్పిన. గా బొక్క మీద బొటనవేలు ఒత్తి కిక్కు కొడితే, ఇంజన్ మంచిగుంటే గాలి వేలును తంతది. వేలు పెట్టిన.

కిక్కు ఇంకా కొట్టలే.

వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. వేలును లోపలికి గుంజింది... మళ్ల వదిలింది. సన్నగ గురక. పెట్రోల్ వాసనల దవాఖాన మందుల వాసన...

షట్టర్ కింద వదిన కాళ్లు కనబడ్డయి. అన్నం గిన్నె తెచ్చింది.

"సుకుమార్... ఏందా చప్పుడు?"

"ఏం లేదు వదినా."

"ఎవరో ఊపిరి తీస్తున్నట్టున్నది..."

భయపడతదని వేలు గట్టిగ ఒత్తిన. లోపల ఏదో కొట్టుకున్నది. ఇంకా ఒత్తిన. ఇంకా... చప్పుడు ఆగింది.

"చూసినవా? ఏం లేదంటి గద," అన్న.

ఆమె గిన్నె కింద పెట్టకముందే ఫోన్ మోగింది. దుబాయ్ నంబర్.

పదకొండు దినాలకు దుబాయ్ కెల్లి అన్న పెట్టె వచ్చింది. మూత తీసిన్రు. దవాఖానోళ్లు శుభ్రంగ కడిగి పంపిన్రు, తెల్లబట్ట మీద మరక లేదు. పెదాల మీదనే ఒక ముద్ర. నల్ల గ్రీజు, దాంట్ల పసుపు దుమ్ము. నడుమ అడ్డంగ ఒక గీత.

వదిన కొంగుతోని తుడిచింది. పోలే. మళ్ల తుడిచింది. పోలే.

అప్పుడు నా చెయ్యి పట్టుకొని, బొటనవేలు తిప్పి చూసింది.